ఊరివాళ్లను స్క్వేర్‌లో నిలబెట్టడం ఎలా: డ్యాన్స్ క్లబ్బు ఊరి కోసం పెట్టే ఒక సాయంత్రం

అమెరికాలో చాలా ఊళ్లలో స్క్వేర్ డ్యాన్స్ క్లబ్బు ఒకటి ఉంటుంది. వారానికో సాయంత్రం ఏ స్కూలు జిమ్‌లోనో, చర్చి హాల్లోనో ముప్పై నలభై మంది చేరి ఆడుకుంటారు. అక్కడ అన్ని కార్లు ఎందుకు ఆగి ఉన్నాయో ఆ వీధివాళ్లకే తెలియదు. సభ్యుల వయసు పెరుగుతుంది, ఒకరిద్దరు మోకాళ్ల ఆపరేషన్ చేయించుకుంటారు, ఐదు స్క్వేర్లు కాస్తా మూడవుతాయి. అప్పుడు ఎవరో ఒకరు "ఊళ్లోవాళ్లకు మన డ్యాన్స్ చూపిద్దాం" అంటారు. మీరు కొత్తగా చేరినవారైతే, పైగా ఫ్లయర్ తయారు చేయడం వచ్చని తెలిస్తే, ఆ పని మీ నెత్తినే పడుతుంది.

ఆ "చూపిద్దాం" అన్న దగ్గరే చాలా క్లబ్బులు దెబ్బతింటాయి. గంటసేపు అద్భుతంగా ఆడి చూపిస్తే జనం చప్పట్లు కొట్టి, "అబ్బో, ఇది మనవల్ల కాదు" అనుకుంటూ ఇంటికి పోతారు. ఎంత బాగా ఆడితే వాళ్లకు అంత బెదురు. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో ప్రదర్శనకు దక్కేది మూడున్నర నిమిషాలే. మిగతా సాయంత్రమంతా ఆడేది ఊరివాళ్లు.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. నాలుగు జంటలు, అంటే ఎనిమిది మంది, చదరానికి నాలుగు వైపులా లోపలికి చూస్తూ నిలబడతారు. మైకు పట్టుకున్న కాలర్ ఒక్కో కదలికను పేరు పెట్టి పిలుస్తుంటే విని ఆడాలి. కోలాటం ఎరిగినవాళ్లకు ఇది చప్పున అర్థమవుతుంది: కాల్ అంటే కోపు లాంటిదే. కాకపోతే కోలాటంలో ఏ కోపు తర్వాత ఏ కోపో ముందే సాధన చేసి ఉంటారు, ఇక్కడ తర్వాత ఏం రాబోతోందో కాలర్‌కు తప్ప ఎవరికీ తెలియదు. కాళ్లకు నడక వస్తే చాలు. అసలు పని చెవులది.

మొదటి పని: పాఠాల తేదీ

హాలు బుక్ చేయడానికి ముందే, ఆ సాయంత్రం తర్వాత మొదలయ్యే పాఠాల తేదీ ఖాయం చేసుకోండి. రెండింటి మధ్య రెండు వారాలు దాటకూడదు, వారమైతే ఇంకా మేలు. మే నెలలో ఊరంతటినీ ఆడించి "సెప్టెంబరులో క్లాసులు మొదలవుతాయి, రండి" అంటే ఎవరూ రారు. ఆ ఉత్సాహానికి పాలకున్నంత ఆయుష్షే ఉంటుంది.

పాఠాలు ఎన్ని వారాలన్నది కూడా ముందే తేల్చుకోండి, ఎందుకంటే ఆ రాత్రి అందరూ అడిగే మొదటి ప్రశ్న అదే. 1974లో మొదలైన కాలర్ల సంఘం కాలర్‌ల్యాబ్ ఈ కాల్స్‌ను మెట్లుమెట్లుగా విభజించింది. పాతకాలపు మెయిన్‌స్ట్రీమ్ మెట్టు పూర్తి కావడానికి చాలా క్లబ్బుల్లో సెప్టెంబరు నుంచి వేసవి దాకా పట్టేది. ఉద్యోగాలు, పిల్లల ఈత క్లాసులు ఉన్నవాళ్లు అంతకాలం కట్టుబడరు. ఈ మధ్య వచ్చిన సోషల్ స్క్వేర్ డ్యాన్సింగ్ మెట్టులో సుమారు యాభై కాల్సే, పన్నెండు వారాల చిల్లరలో అయిపోతాయి. మీ క్లబ్బు ఇంకా పాత పద్ధతినే పట్టుకుని ఉంటే ముందు ఆ మాట కమిటీలో తేల్చండి. మీ ఫ్లయర్ ఎంత బాగున్నా, "తొమ్మిది నెలలు" అన్న జవాబు దాన్ని నీరుగార్చేస్తుంది.

కొలరాడో స్ప్రింగ్స్‌లో స్కూలు నడిపిన లాయిడ్ షా 1930ల చివర్లో తన విద్యార్థులతో దేశమంతా తిరిగి ఈ డ్యాన్స్ చూపించాడు. ఆ ప్రదర్శనలతోపాటు వేసవిలో టీచర్లకూ కాలర్లకూ క్లాసులు పెట్టాడు. ఆయన పేరు ఇవాళ్టికీ వినపడుతోందంటే, నా లెక్కలో, ప్రదర్శనల కన్నా ఆ క్లాసుల వల్లే.

తేదీ చూసేటప్పుడు ఊరి క్యాలెండర్ పక్కన పెట్టుకోండి. శరదృతువులో శుక్రవారం రాత్రి హైస్కూలు ఫుట్‌బాల్ ఉంటుంది, దానికి పోటీ వెళ్లకండి. ఊళ్లో తెలుగువాళ్లు ఎక్కువగా ఉంటే సెప్టెంబరు, అక్టోబరుల్లో వినాయక చవితి, బతుకమ్మ, దసరా వారాంతాలు, జనవరిలో సంక్రాంతి సంబరాలు తప్పించండి. చాలాచోట్ల మీకు కావాల్సిన స్కూలు హాల్‌నే తెలుగు సంఘం వాళ్లు కూడా నెలల ముందే అడిగి పెట్టుకుంటారు.

ఎవరితో కలిసి చేయాలి

క్లబ్బు ఒక్కటే పిలిస్తే వచ్చేది క్లబ్బువాళ్ల బంధువులే. జనం ఉన్న సంస్థను పట్టుకోండి: ఫుడ్ బ్యాంకు, లైబ్రరీ, స్కూలు తల్లిదండ్రుల సంఘం, వాలంటీర్ ఫైర్ స్టేషన్. వాళ్లు జనాన్ని తెస్తారు, మీరు కాలర్‌ను, సౌండును, అనుభవం ఉన్న డ్యాన్సర్లను తెస్తారు. వచ్చింది ఏదైనా వాళ్లకే పోతుందని మొదటి సమావేశంలోనే చెప్పేస్తే సగం అనుమానాలు అక్కడే తీరిపోతాయి. ఒక్క సంస్థ చాలు. ముగ్గురితో పెట్టుకుంటే ఫ్లయర్ మీద ఎవరి గుర్తు పైన ఉండాలన్న దాని మీదే నెల గడుస్తుంది.

తెలుగు సంఘాన్ని కలుపుకోవాలనుకుంటే వాళ్లను అతిథులుగా కూర్చోబెట్టకండి. మధ్యలో పది నిమిషాలు కోలాటం నేర్పమనండి. క్లబ్బువాళ్లు కర్రలు పట్టుకుని తడబడటం అందరూ చూస్తే, తర్వాత స్క్వేర్‌లో తడబడటానికి మనవాళ్లకు సిగ్గుండదు.

హాలు, నేల, కాగితాలు

ఒక స్క్వేర్‌కు పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు స్థలం కావాలి. స్క్వేర్ల మధ్య నడిచే దారి కలుపుకుంటే పన్నెండు అడుగులని లెక్కేయండి. ఎనిమిది స్క్వేర్లు, అంటే 64 మంది, నాలుగేసి చొప్పున రెండు వరుసల్లో నిలబడితే సుమారు 50 అడుగులు, 25 అడుగులు. హైస్కూలు బాస్కెట్‌బాల్ కోర్టు 84 అడుగుల పొడవు, 50 అడుగుల వెడల్పు ఉంటుంది కాబట్టి స్థలానికి కరువు లేదు. అసలు సమస్య అంత పెద్ద హాల్లో ఇరవై మందే వచ్చినప్పుడు. అది చచ్చిన పెళ్లిలా ఉంటుంది. కుర్చీలను గోడలకు ఆనించకుండా కోర్టు మధ్యకు జరిపి ఆడే స్థలాన్ని చిన్నది చేయండి. జనం పెరిగేకొద్దీ కుర్చీలు వెనక్కి జరపొచ్చు.

స్క్వేర్లు ఎక్కడ ఉండాలో నేల మీద నీలిరంగు పెయింటర్స్ టేపుతో గుర్తు పెట్టండి. నాలుగు మూలలకు నాలుగు చిన్న ముక్కలు చాలు. కొత్తవాళ్లు ఆడుతూ ఆడుతూ పక్క స్క్వేర్‌లోకి జరిగిపోతుంటారు, టేపు కనపడితే మళ్లీ సర్దుకుంటారు. మామూలు ప్యాకింగ్ టేపు వాడితే జిమ్ నేల మీది పాలిష్ ఊడివస్తుంది, ఆ తర్వాత మీకు ఆ హాలు దొరకదు.

చెక్క నేల అన్నిటికన్నా మంచిది. సిమెంటు నేల మీద గంట దాటితే మోకాళ్లు చెబుతాయి. రబ్బరు అడుగున్న కొత్త స్పోర్ట్స్ షూస్ చెక్కను గట్టిగా పట్టేస్తాయి, ఒళ్లు తిరుగుతుంది కానీ పాదం తిరగదు, మోకాలు మెలిపడుతుంది. మనవాళ్లు కొందరు అలవాటుగా చెప్పులు గుమ్మం దగ్గర విడిచి సాక్సులతో వచ్చేస్తారు, అది ఇంకో రకం ప్రమాదం, జారిపడతారు. ఫ్లయర్‌లోనే "అరిగిన అడుగున్న మూసిన బూట్లు, వదులుగా ఉండే బట్టలు" అని రాయండి. చీరతో నిక్షేపంగా ఆడొచ్చు, కొంగు నడుములో దోపుకుంటే చాలు. చున్నీ మాత్రం తీసి కుర్చీ మీద పెట్టమనాలి, చేతులు కలిపి తిరిగేటప్పుడు అది పక్కవాళ్ల మెడకు చుట్టుకుంటుంది. నేల నున్నగా ఉండాలని మైనం పొడి చల్లే పాత అలవాటు కొందరు సీనియర్లకు ఉంటుంది. జిమ్‌లో అది చల్లనివ్వకండి.

హాలువాళ్లు బాధ్యత బీమా పత్రం అడుగుతారు. చాలా క్లబ్బులకు యునైటెడ్ స్క్వేర్ డ్యాన్సర్స్ ఆఫ్ అమెరికా ద్వారా ఆ బీమా ఉంటుంది. స్కూలు డిస్ట్రిక్ట్ పేరును అదనపు బీమాదారుగా చేర్చిన పత్రం తెప్పించుకోవాలి, అందుకు కనీసం నాలుగు వారాలు చేతిలో ఉంచుకోండి. సభ్యులు కాని అతిథులు పడి దెబ్బ తగిలించుకుంటే పాలసీ వర్తిస్తుందా అన్నది రాతపూర్వకంగా అడగండి. ఫోన్లో "వర్తిస్తుందనుకుంటా" అంటే అది జవాబు కాదు.

సౌండు మీద డబ్బు కన్నా బుర్ర ఎక్కువ పెట్టాలి. ఇటుక గోడలు, చెక్క నేల ఉన్న జిమ్‌లో మాట తిరిగి తిరిగి వస్తుంది, సంగీతం వినపడుతుంది కానీ "లెఫ్ట్", "రైట్" తేడా తెలియదు. తెలిసినవాళ్లు అలవాటుతో ఆడేస్తారు, కొత్తవాళ్లు నిలబడిపోతారు. కాలర్‌ను కోర్టు పొడుగు గోడ మధ్యలో నిలబెట్టండి, అప్పుడు ఎవరూ మరీ దూరం కారు. స్పీకర్ స్టాండు మీద మనిషి తలకన్నా ఎత్తులో ఉండి, డ్యాన్సర్ల మధ్యకు కొంచెం వంగి ఉండాలి. బేస్ తగ్గించండి, సంగీతం గొంతు కన్నా కిందే ఉండాలి. ఒక మనిషిని అన్నిటికన్నా దూరపు మూలకు పంపి, కాలర్ ఏదో ఒక కాల్ చెబితే అది మళ్లీ అప్పగించమనండి. అప్పగించలేకపోతే వాల్యూమ్ పెంచకండి, తగ్గించి చూడండి. ప్రతిధ్వని ఉన్నచోట పెంచేకొద్దీ ఇంకా పాడవుతుంది.

కాలర్

బాగా కాల్ చేసేవాళ్లందరూ కొత్తవాళ్లను ఆడించలేరు. ఆ రెండూ వేర్వేరు విద్యలు. అడగాల్సింది ఇది: "ఎప్పుడూ ఆడని వాళ్లతో పోయినసారి ఎప్పుడు ఆడించారు, అందులో పిల్లలు ఎంతమంది, స్క్వేర్ కాని డ్యాన్సులు మీ దగ్గర ఎన్ని ఉన్నాయి?" మూడో ప్రశ్నకు తడుముకుంటే వేరొకర్ని చూసుకోండి. పాటల హక్కుల లైసెన్సు కాలర్‌కు ఉందో లేదో కనుక్కుని, ఫీజు, రాకపోకల ఖర్చు, వానో మంచో వచ్చి ఆగిపోతే ఎంత ఇవ్వాలి అన్నవి ఒక కాగితం మీద పెట్టండి. స్నేహితుడైనా సరే.

ఆ రాత్రికి తొమ్మిది కాల్సే: సర్కిల్ లెఫ్ట్, సర్కిల్ రైట్, ఫార్వర్డ్ అండ్ బ్యాక్, డోసీడో, స్వింగ్, స్టార్ (చేతులు మధ్యలో కలిపి తిరగడం), ప్రామనేడ్ (జత పక్కపక్కన స్క్వేర్ చుట్టూ నడవడం), అలమాండ్ లెఫ్ట్, రైట్ అండ్ లెఫ్ట్ గ్రాండ్. కాలర్ పదోది ఎత్తుకోబోతే ఆపే హక్కు మీదే.

ఏంజెల్స్ ఎలా ఉండాలి

కొత్తవాళ్లతో కలిసి నిలబడే పాత డ్యాన్సర్లను ఏంజెల్స్ అంటారు. స్క్వేర్‌కు ఒక్క జంట, మహా అయితే రెండు. మూడు జంటలు పాతవాళ్లుండి ఒక్క జంట కొత్తదైతే, ఆ ఒక్క జంటకు పరీక్ష రాస్తున్నట్టు ఉంటుంది. ఏంజెల్ జంటను ఒకటో స్థానంలో నిలబెట్టండి. ఒకటో జంట వీపు కాలర్ వైపు ఉంటుంది, వాళ్లకు చూడాల్సిన అవసరం లేదు. ఎదురుగా ఉన్న మూడో జంటకు కాలర్ ముఖం, చేతులు చక్కగా కనపడతాయి. కుడివైపున ఉన్నది రెండో జంట, ఎడమవైపు నాలుగోది. ఒకటి, మూడు హెడ్స్. రెండు, నాలుగు సైడ్స్.

ఏంజెల్స్‌కు ముందు రోజే మూడు మాటలు చెప్పండి. తోయకూడదు, లాగకూడదు. కాలర్ నేర్పుతుండగా పక్కన గుసగుసలుగా నేర్పకూడదు, కొత్త మనిషికి రెండు గొంతులు వినపడితే ఏదీ వినపడదు. చేయాల్సింది ఒక్కటే: ఉండాల్సిన చోట ఉండి, అందుకోవాల్సిన చెయ్యి ముందుగానే చాచి ఉంచడం. కొత్తవాళ్లకు దారి చూపేది ఆ చెయ్యే. గౌన్ల కింద వేసుకునే కుచ్చుల లోపావడాలు, జంటకు జంటగా కుట్టించుకున్న చొక్కాలు ఆ రాత్రికి బీరువాలో ఉండనివ్వండి, అవి చూసి "యూనిఫాం కొనాలా?" అని అడిగినవాళ్లు తిరిగి రారు.

సాయంత్రం, గడియారం పట్టుకుని

ఆరున్నరకు తలుపు తీయండి. ఇద్దరు గుమ్మంలో నిలబడి పలకరించాలి, బల్ల వెనక కూర్చుని కాదు. పేరు చీటీ మీద లావు మార్కర్‌తో పిలిచే పేరు ఒక్కటే రాయండి. వెంకట సత్య సూర్యనారాయణ గారు అంతా రాసుకుంటే ఎవరికీ చదవడం కుదరదు, "సూర్య" చాలు.

ఏడు కొట్టగానే మొదలుపెట్టండి, పదిమందే ఉన్నా సరే. మొదటి డ్యాన్సు స్క్వేర్ కాదు, అందరూ చేతులు పట్టుకుని ఒక్కటే పెద్ద వలయం. స్క్వేర్‌కు సరిగ్గా ఎనిమిది మంది కావాలి, ఎనిమిదో మనిషి కోసం ఎదురుచూస్తూ నిలబడితే ఊపు చచ్చిపోతుంది. వలయానికి లెక్క లేదు, ఆలస్యంగా వచ్చినవాళ్లు ఎక్కడైనా దూరొచ్చు, జత కూడా అక్కర్లేదు. బతుకమ్మ ఆడినవాళ్లకు ఇది కొత్తేం కాదు. ఎడమకు పదహారు అడుగులు, కుడికి పదహారు, మధ్యకు నాలుగు, వెనక్కి నాలుగు. ఆ ఐదు నిమిషాల్లోనే తాళానికి నడవడం అందరికీ వచ్చేస్తుంది.

ఏడూ ఇరవైకి స్క్వేర్లు కట్టించండి. ఇక్కడ మూడు మాటలే నేర్పాలి: హోమ్ అంటే మీరు బయల్దేరిన చోటు, పార్ట్‌నర్ అంటే మీ జత, కార్నర్ అంటే మీకు అటుపక్కన ఉన్న వేరే జంట మనిషి. జంటలో ఎడమవైపు నిలబడినవాళ్లకు కార్నర్ ఎడమ పక్క, కుడివైపు వాళ్లకు కుడి పక్క. ఆడా మగా అని పిలిచే పాత పద్ధతి ఊరి సాయంత్రాలకు ఇబ్బంది. అక్కాచెల్లెళ్లు వస్తారు, అమ్మా కొడుకూ వస్తారు. కుడివైపు వాళ్ల మణికట్టుకు ఒక రంగు రిబ్బను కట్టి "రిబ్బన్లు" అని పిలిస్తే గొడవ లేదు.

డోసీడోలో ఎదురెదురుగా నిలబడి, కుడి భుజాలు దాటుకుంటూ ముందుకు వెళ్లి, వీపులు పక్కపక్కగా జరిగి, వెనక్కి నడుస్తూ ఎడమ భుజాలు దాటి మళ్లీ చోటుకు రావాలి. ముఖం మొదట ఎటు ఉందో చివరిదాకా అటే ఉంటుంది. కొత్తవాళ్లు మధ్యలో తిరిగిపోతారు. "ఎదురు గోడ మీది గడియారాన్నే చూస్తూ నడవండి" అంటే తిరగరు.

స్వింగ్‌ను ఆ రాత్రికి మార్చేయండి. నడుం పట్టుకుని గిర్రున తిరిగేది క్లబ్బువాళ్లకే. ముక్కూ మొహం తెలియని మనిషితో అలా ఆడటానికి మన పెద్దవాళ్లే కాదు, అమెరికన్లూ జంకుతారు. మోచేతులు కొక్కెంలా వేసుకునే పద్ధతి చూడటానికి బాగుంటుంది కానీ, పిల్లలు వేగం పెంచి పెద్దవాళ్ల భుజాలు గుంజేస్తారు. రెండు చేతులూ పట్టుకుని ఎనిమిది అడుగుల్లో ఒక చుట్టు నడిస్తే చాలు.

అసలు చిక్కు అలమాండ్ లెఫ్ట్, ఆ వెంటనే రైట్ అండ్ లెఫ్ట్ గ్రాండ్. కార్నర్‌తో ఎడమ ముంజేయి పట్టుకుని ఒక చుట్టు తిరిగి, పార్ట్‌నర్‌కు ఎదురు రావాలి. ఆపైన పార్ట్‌నర్‌కు కుడి చెయ్యి ఇచ్చి దాటి, తర్వాతి మనిషికి ఎడమ, ఆ తర్వాత కుడి, మళ్లీ ఎడమ, అప్పుడు అవతలి వైపు సొంత జత ఎదురవుతుంది. సగం మంది ఒకవైపు, సగం మంది రెండో వైపు అల్లుకుంటూ పోతారు. జడ కోలాటంలో గుడ్డల పట్టీలు తీసేస్తే మిగిలేది ఇంచుమించు ఇదే.

ఇది ప్రతి చోటా ఒకేలా విరుగుతుంది. ఇప్పుడే కార్నర్‌తో చెయ్యి పట్టుకుని తిరిగారు కదా, పార్ట్‌నర్ చెయ్యి పట్టుకోగానే మళ్లీ తిరుగుతారు. ఒక్కరు తిరిగితే ఆ మనిషి ఎదురుదారిలో పడతాడు, నాలుగు సెకన్లలో స్క్వేర్ మొత్తం ముద్దయిపోతుంది. విరుగుడు: అలమాండ్ లెఫ్ట్ అవగానే సంగీతం ఆపించండి. అందరూ పార్ట్‌నర్‌కు కుడి చెయ్యి ఇచ్చి కదలకుండా నిలబడాలి. రిబ్బన్లు లేనివాళ్లందరూ గడియారం ముల్లుకు ఎదురుదిశలో, రిబ్బన్లవాళ్లు గడియారం దిశలో చూస్తున్నారా అని ఏంజెల్స్ సరిచూడాలి. అప్పుడు "చెయ్యి కలుపు, దాటు, వదులు" అని మూడు మాటలతో నెమ్మదిగా నడిపించండి. వదలడం అన్న మాటే ముఖ్యం. ఇలా రెండుసార్లు నడిపించి మూడోసారి సంగీతం పెట్టండి. అయినా విరిగితే ఆ రాత్రికి వదిలేయండి, ఎనిమిది కాల్స్‌తో కూడా సాయంత్రం గడుస్తుంది.

పాటతో ఆడించే దాన్ని సింగింగ్ కాల్ అంటారు. అందులో 64 బీట్ల ముక్క ఏడుసార్లు వస్తుంది: మొదట, మధ్యలో, చివర మామూలు వలయం ఆట, మిగతా నాలుగుసార్లు కార్నర్‌తో జత మారే ఆట. నాలుగోసారికి ఎవరి జత వాళ్లకు దక్కుతుంది. కొత్తవాళ్లకు సరిపోయే ముక్క ఇలా పేర్చమని కాలర్‌ను అడగండి: హెడ్స్ ముందుకూ వెనక్కీ 8, సైడ్స్ ముందుకూ వెనక్కీ 8, పార్ట్‌నర్‌తో డోసీడో 8, కార్నర్‌తో డోసీడో 8, కార్నర్‌తో స్వింగ్ 8, ఆ కార్నర్‌తోనే ప్రామనేడ్ 16, హోమ్‌కు చేరాక ఇంకో స్వింగ్ 8. మొత్తం 64. ఆ చివరి 8 నిజానికి స్వింగ్ కోసం పెట్టింది కాదు, ప్రామనేడ్‌లో వెనకబడినవాళ్లు ఇంటికి చేరుకోవడానికి. అది లేకుండా పేర్చితే రెండో చుట్టుకే సగం హాలు పాట వెనక పరిగెడుతుంటుంది. నిమిషానికి 120 బీట్ల పాట తీసుకుంటే ఒక్కో ముక్క 32 సెకన్లు, ఏడూ కలిపి 3 నిమిషాల 44 సెకన్లు. క్లబ్బు రాత్రి 128కి అలవాటుపడిన కాలర్‌కు 120 నత్తనడకలా అనిపిస్తుంది, ఫరవాలేదు.

స్క్వేర్ విరిగిపోతే ఏం చేయాలో మొదట్లోనే చెప్పండి: నవ్వుకుని హోమ్‌కు వెళ్లి నిలబడాలి, తర్వాతి "హెడ్స్" అన్న పిలుపుకు మళ్లీ కలవాలి. ఎవరి తప్పో వెతకొద్దు. ఏంజెల్స్‌కు ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి.

పది నిమిషాలు ఆట, ఐదు నిమిషాలు నీళ్లు, కబుర్లు, మళ్లీ ఆట. ఎనిమిదికి అటూ ఇటూగా, జనం కూర్చుని ఆయాసం తీర్చుకునేటప్పుడు, పాతవాళ్లు ఒకే ఒక్క సింగింగ్ కాల్ ఆడి చూపించాలి. అప్పటికి ఊరివాళ్లకు ఏడెనిమిది కాల్స్ తెలుసు, "ఇది మనం చేసిందే కదా" అని గుర్తుపడతారు. మొదట్లోనే చూపించి ఉంటే ఆ గుర్తింపు ఉండేది కాదు. ఆ తర్వాత వర్జీనియా రీల్ లాంటి ఎదురెదురు వరుసల డ్యాన్సు పెట్టండి, స్క్వేర్లలో చోటు దొరక్క మిగిలిపోయిన మూడు జంటలూ అందులో ఇమిడిపోతాయి. ఎనిమిదేళ్ల లోపు పిల్లలుంటే పక్కన ఒక పెద్ద మనిషి ఉండాలి, నలుగురు చిన్నపిల్లల్ని ఒకే స్క్వేర్‌లో పెడితే అది స్క్వేర్ కాదు, దాగుడుమూతలే.

తొమ్మిదికి ఐదు నిమిషాల ముందే ముగించండి, "ఇంకొక్కటి" అని అడుగుతుండగానే. పేర్లు, ఫోన్ నంబర్లు రాసుకునే కాగితం అప్పుడు బయటకు రావాలి, గుమ్మంలో కాదు. లోపలికి వస్తూ రాసిన నంబరు మొహమాటానిది, బయటకు పోతూ రాసింది నిజమైనది.

డబ్బాలు, డబ్బు

ప్రవేశ రుసుము బదులు తిండి డబ్బాలు అడగడం మంచి పద్ధతి, కానీ ఏవి కావాలో ఫుడ్ బ్యాంకునే అడిగి ఫ్లయర్ మీద రాయండి: వేరుశెనగ బటర్, ఉడికించిన బీన్స్, చేప డబ్బాలు, బియ్యం. ఊరికే "ఆహారం తెండి" అంటే గడువు దాటిన గుమ్మడి గుజ్జు వచ్చి పడుతుంది. గాజు సీసాలు వద్దని చెప్పండి. పెట్టెలు సగమే నింపండి, డబ్బాలతో నిండిన పెట్టెను ఎత్తబోయి నడుం పట్టేసుకున్నవాళ్లు ప్రతి క్లబ్బులోనూ దొరుకుతారు.

నగదు విరాళాల చెక్కులు నేరుగా ఫుడ్ బ్యాంకు పేరునే రాయించండి. చాలా డ్యాన్స్ క్లబ్బులు పన్నుల చట్టంలో 501(సి)(7) కింద వినోద సంఘాలు, వాటికిచ్చిన విరాళానికి పన్ను మినహాయింపు లేదు. 501(సి)(3) సంస్థకు ఇస్తే ఉంటుంది. మీ క్లబ్బు ఏ తరగతిదో ట్రెజరర్‌ను అడగండి. రాఫిల్ టికెట్లు అమ్ముదామని ఎవరైనా అంటే ముందు మీ రాష్ట్రపు జూద నియమాలు చూడమనండి.

ఊరేగింపులు, వృద్ధాశ్రమాలు

జులై నాలుగు ఊరేగింపులో ట్రెయిలర్ మీద డ్యాన్సు చేయాలన్న కోరిక ప్రతి క్లబ్బుకూ పుడుతుంది. రోడ్డు మీద వెళ్లే ట్రెయిలర్ వెడల్పు ఎనిమిదిన్నర అడుగులకు మించదు, మీకు కావాల్సింది పది. బ్రేకు పడితే చివరి మనిషి కింద పడతాడు. ట్రెయిలర్ మీద కాలర్‌ను, సౌండును మాత్రమే ఎక్కించి, డ్యాన్సర్లు వెనక నడుస్తూ, బండి ఆగినప్పుడల్లా రోడ్డు మీద వలయం కట్టి, పక్కన నిలబడ్డ పిల్లల్ని లోపలికి లాగడం మేలు. ఊరేగింపు మీ బీమా కిందకు వస్తుందా అన్నది విడిగా అడగండి.

వృద్ధాశ్రమానికైతే మధ్యాహ్నం రెండు, మూడు గంటల మధ్య వెళ్లండి, భోజనం తర్వాత కునుకు అయిపోయి, సాయంత్రపు అలసట ఇంకా రాని వేళ. మొత్తం నలభై నిమిషాలు, అందులో మీరు ఆడేది పది. మిగతా సమయం కుర్చీల్లో కూర్చున్నవాళ్లతో వలయం: చేతులు కలపడం, పాదం తట్టడం, కుడిపక్క మనిషికి కుడి చెయ్యి. చక్రాల కుర్చీతో స్క్వేర్ ఆడించాలంటే కూర్చున్న మనిషి, తోసే మనిషి కలిసి ఒక్క డ్యాన్సర్, స్క్వేర్ పదిహేను అడుగులు. ఫొటోలు తీసే ముందు అక్కడి సిబ్బందిని అడగాలి. ఫ్లూ కాలంలో చేతులు పట్టుకోవచ్చో లేదో కూడా.

ఆ రాత్రి, మర్నాడు

కాగితం మీద పేరు రాసినవాళ్లకు 48 గంటల్లోపు ఫోన్ చేయండి, మెసేజ్ కాదు. ఎవరి స్క్వేర్‌లో ఆడారో ఆ ఏంజెలే చేయాలి. "మంగళవారం ఏడింటికి క్లాసు, మీ ఇంటి మీదుగానే వస్తాను, ఎక్కించుకోనా?" అంటే చాలు. అరవై మంది ఆడితే ఎంతమంది మొదటి క్లాసుకు వచ్చారన్నది కాదు, రెండో క్లాసుకు ఎంతమంది మిగిలారన్నది రాసి పెట్టుకోండి, వచ్చే ఏడు ఏది మార్చాలో ఆ అంకె చెబుతుంది. వచ్చిన తిండి డబ్బాల బరువు ఫుడ్ బ్యాంకు తూచి చెబుతుంది, దాన్ని స్కూలుకు, లైబ్రరీకి ఒక చిన్న ఉత్తరంలో రాసి పంపండి.

హాలు తాళం ఇచ్చే ముందు చీపురు పట్టండి, కుర్చీలు వచ్చినప్పుడు ఎన్ని ఉన్నాయో అన్నీ అదే వరుసలో పెట్టండి. నేల మీది నీలి టేపు ముక్కలు స్క్వేర్‌కు నాలుగు చొప్పున లెక్కపెట్టి ఆ రాత్రే తీసేయండి. ఎనిమిది స్క్వేర్లైతే ముప్పై రెండు. ముప్పై ఒకటే దొరికితే మిగిలినది ఎవరి బూటు కిందో ఇంటికి వెళ్లిపోయి ఉంటుంది, అయినా ఒకసారి బల్లల కింద చూడండి.